పగడాలు ముడుచుకున్న వారం

వాసన గుమ్మంలోనే తగిలింది. చెప్పులు విప్పుతున్న నతానియేల్ అలాగే ఆగిపోయాడు. కరుణకుమారిగారి హాల్లో ఎప్పుడూ ఉండేది ఉప్పుగాలి వాసన. నర్సీపట్నం మొత్తం మీద ఆ ఒక్క ఇంట్లోనే ఉండే వాసన అది. ఇవాళ్టిది వేరు. కాలేజీ జువాలజీ ల్యాబులో ఫార్మలిన్ ఇంకిపోయిన సీసా మూత తీసినప్పుడు గుప్పుమని కొడుతుందే, అలాంటిది. ఇరవై రెండేళ్లుగా ఆ ల్యాబులో అటెండరుగా ఉన్న మనిషి ముక్కు ఆ విషయంలో పొరబడదు.

"వచ్చారా అన్నయ్యగారూ," అంది కరుణకుమారి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. "మీ కోసమే చూస్తున్నాను. బేగి ఇలా రండి. ఏటో అయిపోయాయి."

గోడవారగా అయిదడుగుల అద్దాల ట్యాంకు. దాని మీద నీలమూ తెలుపూ కలిసిన దీపాలు. ఆ నీళ్లలో రాళ్లకి అంటుకుని ఉన్నవి బొమ్మలు కావు, ప్రాణమున్న పగడాలు. కరుణకుమారి భర్త దయాకర్ బాబు ఓడ మీద ఇంజనీరు. సెలవుకి వచ్చిన ప్రతిసారీ సింగపూరు నుంచి నీళ్ల సంచుల్లో పెట్టి, చంటిబిడ్డల్ని తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చినవి. ఆయన సముద్రం మీద ఉండే నెలల్లో సోమవారం, గురువారం వచ్చి వాటి బాగోగులు చూసేది నతానియేల్. రోజూ అద్దం తుడిచి, ఆవిరైపోయిన మేరకి మంచినీళ్లు పోసేది ఆ ఇంట్లోనే ఉండి పనిచేసే రాజులమ్మ.

నతానియేల్ మోకాళ్ల మీద కూచుని అద్దానికి మొహం ఆనించాడు.

మొన్న గురువారం అరచెయ్యంత విప్పుకుని ఊగుతున్న తోలు పగడం తడిగుడ్డలా పక్కకి వాలిపోయింది. పుట్టగొడుగుల్లాంటివి ముడుచుకుపోయి చొక్కా గుండీలంత అయ్యాయి. అన్నిటికన్నా అందమైన ద్రాక్షగుత్తి పగడం బుడగలన్నీ చప్పబడిపోయాయి. దాని కండ వెనక్కి లాక్కుపోయి లోపలి తెల్లటి ఎముక పళ్లు ఇకిలించినట్టు బయటపడింది. అంచుల నుంచి జిగురు తీగలు సాగి నీళ్లలో కొట్టుకుంటున్నాయి. అడుగున ఇసుక మీద నత్తలు వెల్లకిలా పడి ఉన్నాయి.

చేపలు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాయి. నారింజరంగు చేపలు రెండూ అతన్ని చూడగానే మేత కోసం అద్దం దగ్గరికి వచ్చేశాయి.

"ఎప్పట్నించండీ ఇలాగ?"

"శుక్రవారం కొంచెం ముడుచుకున్నట్టు ఉన్నాయి. అప్పుడప్పుడూ అలా ఉంటాయి కదా అనుకున్నాను. శనివారం చర్చి పనులు, నిన్న ఆరాధన. సరిగ్గా చూళ్లేదు. పొద్దున్న లేచి చూస్తే ఇదీ." కరుణకుమారి గోడ మీది క్యాలెండరు కేసి చూసింది. "ఆయన బొంబాయిలో దిగేశారు అన్నయ్యగారూ. శనివారానికి ఇక్కడుంటారు. రాత్రి ఫోన్లో మొదటి మాటే, ద్రాక్షగుత్తి ఎంత పెరిగింది అని. నేనేటి చెప్పాలి? అసలు ఏమై ఉంటుంది?"

నతానియేల్ జేబులోంచి భూతద్దం తీశాడు. ద్రాక్షగుత్తి అంచు దగ్గర కండ పొరలు పొరలుగా లేచిపోతోంది. చూస్తూ చూస్తూనే, ఆలోచించకుండానే, నోట్లోంచి మాట వచ్చేసింది.

"నీళ్లలో ఏదో పడి ఉంటుందమ్మా. సబ్బు చెయ్యో, ఫినాయిలో. వీటికి ఒక్క చుక్క చాలు."

ఆ మాట అన్న వేళకి రాజులమ్మ హాలుకి ఆ చివర వంగి నేల తుడుస్తోంది. పక్కన ఫినాయిలు కలిపిన బకెట్టు. కరుణకుమారి చూపు ఆ బకెట్టు మీదికి వెళ్లడం నతానియేల్ చూశాడు. 'ఇంకా తేల్లేదమ్మా, పరీక్ష చెయ్యాలి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పటికే ఆవిడ అటు అడుగు వేసింది.

"ఎన్నిసార్లు చెప్పానే, ఆ చేతులు అందులో పెట్టొద్దని!"

రాజులమ్మ గుడ్డ పట్టుకునే నిటారుగా అయింది. నలభై దాటిన మనిషి, సన్నగా, నల్లగా ఉంటుంది. "నానేటి సేసినానమ్మా? సెయ్యి కడుక్కోకుండా నానెప్పుడూ ముట్టనేదు."

"మరి నేను పోశానా? ఈయన పోశారా?"

నతానియేల్ బీరువాలోంచి పరీక్ష పెట్టెలు దింపాడు. దయాకర్ బాబు సింగపూరు నుంచి తెచ్చినవి, వరసగా ఆరు. మొదటిది అమ్మోనియాకి. గాజుగొట్టంలో గీత వరకూ ట్యాంకు నీళ్లు తీసి, మందు చుక్కలు లెక్కపెడుతూ వేస్తున్నాడు. ఈలోగా వెనక గదిలో ఏదో లాగిన చప్పుడు, వీధి తలుపు తీసిన చప్పుడు వినిపించాయి. తర్వాత కరుణకుమారి గొంతు వీధిలోంచి వచ్చింది.

"కొండ మీంచి వచ్చినదాన్ని ఇంట్లో మనిషిలా చూసుకుంటే విషం పోస్తావా! ఆయన ప్రాణంలా చూసుకునేవాటికి విషం పోస్తావా!"

కిటికీ ఊచల్లోంచి పంచాయతీ కుళాయి కనిపిస్తోంది. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు అటు తిరిగి నిలబడ్డారు. వాళ్ల మధ్య రాజులమ్మ బట్టల మూట నేల మీద పడి ఉంది. ఆమె దాన్ని తియ్యలేదు. ఏడవలేదు. ఒక్కసారి కిటికీలోంచి లోపలికి, సూటిగా నతానియేల్ కేసి చూసింది.

అతను గాజుగొట్టం కళ్లకెదురుగా పట్టుకుని ఉన్నాడు. ఆరు, ఏడు. మధ్యలో ఆపితే లెక్క తప్పిపోతుంది. ఎనిమిది.

లెక్క పూర్తయ్యి తలెత్తేసరికి ఆమె అక్కడ లేదు.

అమ్మోనియా లేదు. ఉప్పు గాఢత ఉండవలసినంతే ఉంది. నీళ్ల వేడి ఎక్కువేం లేదు, జూలై వానలకి హాలు చల్లగానే ఉంది. మిగతా పెట్టెల్లో మరో నాలుగు తీసి చుక్కలు వేశాడు. ఒక్కొక్క గొట్టం రంగు కార్డు మీది గడులతో పోల్చి, కిటికీ వెలుతురులో ఒకసారి, దీపం కింద ఒకసారి చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎక్కడా తేడా లేదు. జబ్బు కళ్ల ముందు కనిపిస్తూంటే ఏ పరీక్షకీ దొరక్కపోవడం అతన్ని మరీ భయపెట్టింది.

మంగళవారం కాలేజీకి సెలవు పెట్టి పొద్దున్నే వచ్చాడు. వానకి పుడిమడక నుంచి సముద్రపు నీళ్లు తెచ్చే వ్యాను రాలేదు, రేపు వస్తుందని కబురు. అందాకా చచ్చినవి తీసెయ్యడం ఒక్కటే చెయ్యగలిగింది. పొడుగాటి పట్టకారుతో నత్తల్ని ఒక్కొక్కటే తీసి ప్లేటులో పెట్టాడు. రాతి సందులో ఎర్రచారల రొయ్య కనిపించింది. అది అప్పుడప్పుడూ కుబుసం విడుస్తుంది, ఇది ఆ ఒట్టి పెంకే అయి ఉంటుందనుకున్నాడు. పట్టకారుకి బరువుగా తగిలింది. ఒట్టి పెంకు కాదు, రొయ్యే. నీలంరంగు నక్షత్ర చేపని కదిపితే ఒక చెయ్యి ఊడి వచ్చేసింది. పట్టకారు అతని చేతిలోంచి జారి అద్దానికి తగిలి టంగుమంది.

వంటింట్లోంచి కరుణకుమారి పరుగెత్తుకొచ్చింది. ప్లేటు కేసి చూసి గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

"ఇంకా చచ్చిపోతున్నాయా?"

"అవునమ్మా."

"ఆ మహాతల్లి ఎంత పోసిందో!"

నతానియేల్ మేత డబ్బా మూత తీశాడు. చిటికెడు మేత నీళ్లలో వేశాడు. చేపలు ఎగబడి తిన్నాయి. నారింజవి తిన్నాయి, నీలంది తింది, రాతికింద దాక్కునే పిరికిది కూడా బయటికొచ్చి తింది. ఫినాయిలో సబ్బో పడితే ముందు చేపలే పైకి తేలి నోళ్లు తెరవాలి. పగడాల కన్నా ముందు అవే పోవాలి. ఆ సంగతి అతనికి తెలుసు. నోటుబుక్కులో 'చేపలు ఆరోగ్యం' అని రాసి, కాసేపు దాని కేసి చూసి, ఆ రెండు మాటలూ కొట్టేశాడు. ఎందుకు కొట్టేశాడో అతనికే తెలీలేదు.

బుధవారం ల్యాబులో ఫస్టియరు పిల్లలకి వానపాముల ప్రాక్టికల్. మైనం పళ్లేలు వరసగా పేర్చి, గుండుసూదులు పంచుతున్నాడు నతానియేల్. లెక్చరర్ ఈశ్వరరావుగారు బల్ల దగ్గర కూచుని రికార్డులు దిద్దుతున్నారు.

"ఏవోయ్ నతానియేల్, నిన్న రాలేదేం? ఒంట్లో బాలేదా?"

"నాకు బాగానే ఉందండి. దయాకర్ బాబుగారి ట్యాంకులో పగడాలు చచ్చిపోతున్నాయి." గుండుసూదుల పెట్టె మూత పెట్టాడు. "పరీక్షలన్నీ చేశానండి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నత్తలు పోయాయి, రొయ్య పోయింది, నక్షత్ర చేప పోయింది. చేపలు మాత్రం చలాకీగా ఉన్నాయి. ఏటై ఉంటుందండీ?"

ఈశ్వరరావుగారు రికార్డులోంచి తలెత్తలేదు. ఎర్రపెన్నుతో ఏదో సున్నా చుట్టారు. "చేపలుండి నత్తలు పోవడమేవిటి, మా కోటవురట్లలో బావగారి చెరువు లాగ! నత్తలు పట్టినప్పుడల్లా మైలుతుత్తం చల్లుతాడు. నత్తలన్నీ చస్తాయి, చేపలకేం కాదు. నీకు తెలీందేవుంది, పిల్లలకి నువ్వే కదా చెప్తుంటావు, వెన్నెముక లేనివాటికి రాగి విషమని."

నతానియేల్ చేతిలోని పెట్టె నేల మీద పడింది. సూదులు గచ్చంతా చెల్లాచెదురయ్యాయి. ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. అతను వంగలేదు. ఎదురుగా గోడ అలమరా కేసి చూస్తూ నిలబడిపోయాడు. మూడో అరలో, గాజుసీసాలో, నీలంగా మెరుస్తూ మైలుతుత్తం పలుకులు. దాని మీది లేబులు రాసింది తనే. మొన్న నెలాఖరున మూత తీసి, ల్యాబు త్రాసులో తూచి, కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నదీ తనే.

"ఏవయ్యా? ఏవైంది?"

"ఇప్పుడే వస్తానండి," అన్నాడు. సూదులు దాటుకుంటూ బయటికి నడిచాడు.

అబీద్ సెంటరు దాటేటప్పుడు లారీ హారను కొడితే గాని సైకిలు రోడ్డు మధ్యలో తొక్కుతున్నాడని తెలీలేదు. వెళ్లేసరికి కరుణకుమారి మధ్యాహ్నపు నిద్రలో ఉంది. అతను నేరుగా బీరువా దగ్గరికి వెళ్లాడు. ఆరు పెట్టెల్లో అయిదు మాత్రమే వాడాడు. ఆరోదాని మీద ప్లాస్టిక్ పొర కూడా విప్పలేదు. రాగి పరీక్ష. సోమవారం ఆ పెట్టె మీదుగానే చెయ్యి వెళ్లింది. ఇంట్లో రాగి ఎక్కడుందిలే అనుకున్నాడు. నిజంగా అలాగే అనుకున్నాడా, లేక చెయ్యే దాన్ని తప్పించుకుందా?

గోటితో పొర చించాడు. గొట్టంలో నీళ్లు తీశాడు. చుక్కలు లెక్కపెట్టి వేశాడు. రంగు రాకూడదు. ఏ రంగూ రాకుండా నీళ్లలాగే ఉండాలి. అయిదు నిమిషాలు ఆగమని కాగితం మీద రాసి ఉంది. రెండో నిమిషానికే రంగు తిరిగింది. అయిదో నిమిషానికి గొట్టంలో నీళ్లు, కార్డు మీద చివరి గడి పక్కన పెడితే ఒకేలా ఉన్నాయి.

అతను గొట్టానికి బిరడా బిగించి, బీరువా పక్కన నేల మీద కూచున్నాడు.

మొన్న నెలాఖరున చేపల ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు వచ్చాయి. వాటిని వేరే తీసి, వెనక వసారాలో పెద్ద ప్లాస్టిక్ టబ్బులో పెట్టి మైలుతుత్తం వేశాడు. అంతవరకూ సరైన వైద్యమే. చేపలు కోలుకున్నాయి. వానలకి వ్యాను సరిగ్గా రావడం లేదు, సముద్రపు నీళ్లు యలమంచిలి అవతల నుంచి రావాలి. నిండు టబ్బు నీళ్లు కాలవలో పారబోయడానికి మనసొప్పలేదు. ఇంత ట్యాంకులో కలిస్తే ఏమవుతుందిలే, చేపలకి మంచిదే కదా అనుకున్నాడు. ఒక గురువారం సగం టబ్బు పోశాడు. మళ్లీ మొన్న గురువారం మిగతాది. పిల్లలకి ఏటేటా చెప్పే పాఠం ఆ రెండు గురువారాల్లో ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. టబ్బు ఎత్తి ట్యాంకు అంచు మీద వంచినప్పుడు నీళ్లు జారిన చప్పుడు మాత్రం ఇప్పుడు చెవుల్లో స్పష్టంగా వినిపిస్తోంది.

అవతల ద్రాక్షగుత్తి నుంచి కండ ముక్క ఒకటి ఊడి, తెల్లగా, మెల్లగా ఇసుక మీదికి దిగింది.

సాయంత్రం వ్యాను వచ్చింది. మూడొంతుల నీళ్లు తోడి పారబోసి, కొత్త నీళ్లు నింపి, మిగిలిన విషం పీల్చుకునే బొగ్గుసంచి వేలాడదీసే వేళకి నతానియేల్ బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. కరుణకుమారి టీ గ్లాసు తెచ్చి స్టూలు మీద పెట్టింది. అతను తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్లీ తుడిచాడు.

"కరుణమ్మగారూ, రాజులమ్మ ఏమీ చెయ్యలేదండి."

"ఏటి?"

"నేనే చేశాను. చేపల మందు నీళ్లు ఇందులో పోశాను. అందులో రాగి ఉంది. అదే చంపేసింది. పరీక్షలో తేలిపోయింది, ఇదిగో." గాజుగొట్టం చూపించాడు.

కరుణకుమారి గొట్టం కేసి చూడలేదు. అతని మొహం కేసే చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ వెళ్లి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఎవరికైనా చెప్పారా?"

"లేదండి."

"చెప్పకండి."

నతానియేల్ నిర్ఘాంతపోయాడు. "అదేటండీ?"

"వీధంతా చూస్తుండగా అంత మాట అన్నాను అన్నయ్యగారూ. విషం పోసిందన్నాను. ఇప్పుడు కాదని ఏ మొహంతో చెప్పను? ఆయనకి తెలిస్తే మిమ్మల్ని గుమ్మం తొక్కనివ్వరు. నన్ను ఊరుకుంటారా? నువ్వు ఇంట్లో ఉండి ఏం చేశావు అంటారు. సంఘంలో మీరు పెద్ద. పాస్టరుగారు లేనప్పుడు వాక్యం చదివేది మీరు. ఆ మనిషికేం, కొండకి పోయింది. ఇంకో ఇల్లు చూసుకుంటుంది. మనం ఇక్కడే ఉండాలి." టీ గ్లాసు అతని చేతికి అందించింది. "తాగండి. చల్లారిపోతుంది."

అతను తీసుకున్నాడు. తాగాడు. టీ వేడిగా, తియ్యగా గొంతులోకి దిగుతుంటే భుజాలు సడలాయి. హమ్మయ్య అనిపించింది. మరుక్షణమే ఆ హమ్మయ్య ఏమిటో అర్థమైంది. పగడాలు చచ్చిపోయినందుకు కాదు, రాగి పోసినందుకు కూడా కాదు. ఆ ఒక్క గుక్క టీ అంత రుచిగా ఉన్నందుకు తన మీద తనకే భయం వేసింది. సగం గ్లాసు అక్కడే పెట్టేసి బయటికి వచ్చేశాడు.

గురువారం ట్యాంకు దగ్గరికి వెళ్తే గుండీల్లాంటి పగడాల్లో నాలుగు కాస్త విచ్చుకున్నాయి. వాటిని చూసి సంతోషించాల్సింది పోయి, కరుణకుమారి మొహం చూడలేక అయిదు నిమిషాల్లో లేచిపోయాడు.

శుక్రవారం పొద్దున్న కొయ్యూరు బస్సు ఎక్కాడు. కృష్ణదేవిపేట దాటాక వాన మొదలైంది. కొయ్యూరులో దిగి రాజులమ్మ ఊరు పేరు చెబితే ఒక జీపువాడు మలుపు దాకా తీసుకెళ్లి దింపాడు. అక్కణ్నించి బురదలో రెండు మైళ్లు నడక. ఆ రెండు మైళ్లూ ఏం చెప్పాలో వరస చూసుకున్నాడు. ముందు పగడాలకి ఏం జరిగిందో చెప్పాలి, తర్వాత రాగి సంగతి, ఆ తర్వాత క్షమించమనాలి.

రాజులమ్మ ఇంటి అరుగు మీద కూచుని అడ్డాకుల విస్తళ్లు కుడుతోంది. ఆకు మీద ఆకు పేర్చి, వెదురు పుల్ల గుచ్చి, పటుక్కున విరిచి, మళ్లీ గుచ్చుతోంది. అతన్ని చూసి చెయ్యి ఆపింది. లోపల్నుంచి ఆమె కూతురు ఈశ్వరి తొంగిచూసి, తల్లి కళ్లతో ఏదో చెప్పగానే లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"ఇంత వానలో ఏటి మేస్టారూ?" అంది రాజులమ్మ. "పువ్వులు ఎలగున్నాయి?" పగడాల్ని ఆమె మొదట్నుంచీ పువ్వులనే అనేది.

అతను వరస చూసుకున్నదంతా చెదిరిపోయింది. "చాలా మటుకు పోయాయి రాజులమ్మా. నీ తప్పేం లేదు. అది చెప్పడానికే వచ్చాను. టబ్బులో నీళ్లలో మందు ఉంది. అది నేనే..."

"నాకు ఎరికే కదండీ," అంది రాజులమ్మ.

నతానియేల్ చెంబు నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు.

"ఎరికా? ఎలాగ?"

ఆమె అతని కేసి వింతగా చూసింది. వెక్కిరింత కాదు. ఈ మాట కూడా అడగాలా అన్నట్టు. "ఆ టబ్బు మీరొక్కరే ఎత్తీగలరేటండీ? అంత బరువు! ఇటు మీరు పట్టుకున్నారు, అటు నాను పట్టుకున్నాను. పోసిన రెండుపాళ్లూ."

వాన చూరు మీంచి ధారగా పడుతోంది. నతానియేల్‌కి ఇప్పుడు గుర్తొచ్చింది. టబ్బు అంచు, వంచిన నీళ్లు, అవతలి అంచు పట్టుకున్న గాజుల చేతులు. రెండు రోజులుగా ఆ దృశ్యాన్ని వందసార్లు తలుచుకున్నాడు. ఒక్కసారి కూడా ఆ చేతులు కనపడలేదు. టబ్బు దానంతటదే లేచినట్టు, తనొక్కడే వంచినట్టు కనిపించింది.

"మొదటిపాలి పోసిన మర్నాడే సిన్న పువ్వులు కొన్ని ముడుసుకున్నాయండీ. సోమారం మీరొచ్చినప్పుడు సెప్పినాను. 'మేస్టారూ, ఆ నీళ్లు పోసినకాణ్నుంచి ఇవి ఇలగైపోనాయి' అన్నాను. మీరు పుస్తకంలో ఏదో రాసుకుంటా, 'దీపాలు కొత్తవి, అలవాటు పడతాయిలే' అన్నారు."

అన్నాడు. నిజమే అన్నాడు. ఆ రోజు నీళ్లు మారిస్తే అన్నీ బతికేవి.

"మరి ఆవిడ అంతంత మాటలంటుంటే చెప్పలేదేం?" అతను చెంబు అరుగు మీద పెట్టేశాడు. "నేను పోశానని ఒక్క మాట అనలేకపోయావా?"

రాజులమ్మ వెదురు పుల్ల తీసి ఆకులో గుచ్చింది. "మీరున్నారు కదా అని ఊరుకున్నాను. కిటికీలోంచి సూసినాను కూడా. మీరే సెప్తారనుకున్నాను." పుల్ల విరిచింది. "మీరు సుక్కలు లెక్కెట్టుకుంటన్నారు."

విస్తరి పూర్తయింది. ఆమె దాన్ని కట్ట మీద పెట్టి మోకాలితో నొక్కింది.

"క్షమించమని అడగడానికి వచ్చాను," అన్నాడు చివరికి. "మళ్లీ పనిలోకి రా. నేను మాట్లాడతాను."

"పనికి రాను మేస్టారూ."

"మరి నేనేం చెయ్యను? నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను."

"ఇక్కడ అరుగు మీద సెప్తే ఎవులింటారు? ఈశ్వరి ఇంటాది, నానింటాను. మాకు ముందే ఎరిక." ఆమె మొదటిసారి అతని కళ్లలోకి చూసింది. "నన్ను కుళాయి కాడ కదా అన్నారు. అక్కడ సెప్పండి. రేపు నానొస్తాను."

శనివారం కొయ్యూరు బస్సు వచ్చేసరికి తొమ్మిదిన్నర. నతానియేల్ అప్పటికే గంటసేపటి నుంచి బస్సు కాంప్లెక్సులో నిలబడి ఉన్నాడు. ఆమె రాకపోతే బాగుండునని ఒకసారి, రావాలని ఒకసారి అనుకుంటూ. రాజులమ్మ ఉతికిన చీర కట్టుకుని దిగింది. ఆమె ముందు, అతను వెనక నడిచారు.

ఇంటి ముందు టాక్సీ ఆగి ఉంది. వరండాలో పెట్టెలు. దయాకర్ బాబు యలమంచిలిలో రైలు దిగి వచ్చి పదినిమిషాలై ఉంటుంది. తెరిచిన తలుపులోంచి కనిపిస్తున్నాడు. బూట్లు కూడా విప్పలేదు, ట్యాంకు ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. ఒక అరచెయ్యి అద్దానికి ఆనించి ఉంది. పక్కన కరుణకుమారి ఏదో చెబుతోంది. కిటికీలోంచి చెయ్యి వీధి వైపు చూపిస్తోంది.

నతానియేల్ కాళ్లు గేటు వైపు లాగాయి. లోపలికి వెళ్లి, తలుపు వేసుకుని, మెల్లగా, మర్యాదగా చెప్పొచ్చు. రాజులమ్మ అప్పటికే కుళాయి దగ్గర ఆగింది. అక్కడ ఏడెనిమిది మంది ఆడవాళ్లు బిందెలతో ఉన్నారు. ఆమెని చూసి గుసగుసలాడుకున్నారు. అతను వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, ఒక్క మాట," అన్నాడు. ఆదివారాలు మైకు లేకుండా వాక్యం చదివే గొంతు. ఇప్పుడు పెగల్లేదు. "సోమవారం నాడు ఇక్కడ... ఈవిణ్ని..."

కుళాయి నీళ్లు ఇత్తడి బిందెలో బొళబొళమని పడుతున్నాయి. ఎవరో "ఏటంటన్నారు?" అన్నారు. వరండాలోకి దయాకర్ బాబు వచ్చాడు. ఏడ్చిన కళ్లు. వెనకే కరుణకుమారి. నతానియేల్‌ని, పక్కన రాజులమ్మని చూసి ఆవిడ మొహం పాలిపోయింది.

"ఏటి నతానియేలూ?" అన్నాడు దయాకర్ బాబు. "వినపడటం లేదు. ఏటంటున్నావు?"

రాజులమ్మ వంగి కుళాయి కట్టేసింది. బిందెలో చివరి చుక్కలు పడ్డాయి.

"ఇప్పుడు సెప్పండి మేస్టారూ."

"పగడాల్ని చంపింది నేను," అన్నాడు నతానియేల్. "మైలుతుత్తం కలిపిన నీళ్లు ట్యాంకులో పోశాను. రెండుసార్లు. ఇవి ముడుచుకుంటున్నాయని రాజులమ్మ ముందే చెప్పింది, నేను వినిపించుకోలేదు. ఆమె మీద నింద పడుతుంటే నేను కిటికీ దగ్గరే ఉన్నాను. నోరు విప్పలేదు. రాజులమ్మ ఏ విషమూ పొయ్యలేదు."

దయాకర్ బాబు వరండా స్తంభం పట్టుకున్నాడు. పదేళ్లుగా తెలిసిన మనిషిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తర్వాత తల మెల్లగా భార్య వైపు తిప్పాడు. కరుణకుమారి తల దించుకుంది. కాసేపటికి మెట్లు దిగి గేటు దాకా వచ్చింది.

"రాజులమ్మా," అంది, కమ్మీలు పట్టుకుని. "లోపలికి రా. టీ తాగి వెళ్దువు గాని."

"వొద్దమ్మగోరూ. పదకొండింటికి బస్సున్నాది."

రాజులమ్మ కుళాయి తిప్పింది. ఆ బిందె తాలూకు మనిషి ఏమీ అనకుండా బిందె పక్కకి లాక్కుంది. మిగతావాళ్లు కూడా ఒక్కడుగు వెనక్కి జరిగారు. ఆమె చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, దారిలో అంటిన బురద పోయేదాకా కాళ్లు కడుక్కుంది. తొందరపడలేదు. మొహం కడుక్కుంది. రెండు దోసిళ్లు నీళ్లు తాగింది. కొంగుతో తుడుచుకుని, ఎవరి కేసీ చూడకుండా, నడివీధిలోంచి నడుచుకుంటూ కాంప్లెక్సు వైపు వెళ్లిపోయింది.